ఇంద్రవెల్లి పేర్లు ఎప్పుడు బయటపెడతరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏప్రిల్ 20 వచ్చిందంటే ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిల పోలీసు కాల్పులల చచ్చిపోయిన గిరిజనుల స్థూపం ఫొటో పేపర్ల వస్తది, కింద ఎప్పటి లెక్కనే, చచ్చిపోయినోళ్లు సర్కారు చెప్పింది 13 మంది, జనం చెప్పేది అరవైకి పైనే అని. నలభై ఏండ్లు దాటింది, ఈ రెండు లెక్కల నడుమ ఉన్నోళ్లెవరో తేల్చాలని ఒక్క సర్కారుకూ అనిపించలే.

1981ల ఆ రోజు సోమవారం, సంత. గిరిజన రైతుకూలీ సంఘం మీటింగుకు ముందు పర్మిషన్ ఇచ్చి తర్వాత రద్దు చేసిండ్రు, ఆ ముచ్చట గూడేలకు చేరకముందే జనం బయల్దేరిండ్రు, భూముల పట్టాల కోసం వచ్చినోళ్లు, ఉప్పు మిరపకాయలు కొనుక్కపోదామని వచ్చినోళ్లు అంతా ఒక్కకాడ కలిసిండ్రు, పోలీసులు కాల్పులు జరిపిండ్రు. అప్పట్ల ఇచ్చోడ దిక్కు నౌకరీ చేసిన మా మేనమామ అనేటోడు, దెబ్బలు తాకినోళ్లు సుత దవాఖానకు పోలే, పోతే కేసు పెడ్తరని భయం. మరి ఇంటికి పోయినంక చచ్చిపోయినోడు ఏ లెక్కల వస్తడు?

1940ల జోడేఘాట్‌ల కొమురం భీంను చంపిన నిజాం సర్కారు కూడా తర్వాత గోండులకు ఎందుకు కోపమొచ్చిందో చూడుమని మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. మనం ఓట్లేసి తెచ్చుకున్నోళ్లు స్థూపం దగ్గర ఏండ్లకేండ్లు 144 సెక్షన్ పెట్టిండ్రు! పరకాలల రజాకార్ల కాల్పులకు అమరధామం కట్టుకున్నం, మంచిదే, కానీ మన పోలీసుల తూటాల గురించి అడిగితే మాత్రం అది పాత సర్కారు సంగతి అంటరు.

ఆ మాట చెల్లదు. మధ్య అమెరికాల ఉన్న హోండురాస్ దేశంల ఒక స్టూడెంటును మాయం చేసిన కేసుల ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కోర్టు 1988లనే చెప్పింది, ఆ మనిషి ఏమైండో తేలేదాకా విచారణ చేసుడు రాజ్యం బాధ్యత, సర్కారు మారినా ఆ బాధ్యత పోదు అని. ఆ తీర్పు మన కోర్టులను కట్టేయదు, నిజమే, న్యాయం మాత్రం గదే కదా.

2024 ఫిబ్రవరిల సీఎం రేవంత్ రెడ్డి వచ్చి స్మృతివనానికి శంకుస్థాపన చేసిండు. సంతోషం. దాంతోపాటు ఆనాటి ఎఫ్ఐఆర్, పంచనామాలు, పోస్టుమార్టం రిపోర్టులు, కాల్చుమని ఎవరు ఆర్డర్ ఇచ్చిండ్రో ఆ కాగితం బయటపెట్టాలె. అప్పుడు ఇరవై ఏండ్లున్నోళ్లు ఇప్పుడు అరవై దాటిండ్రు, ఇంకా ఆగితే చెప్పేటోళ్లే ఉండరు. గోండి వచ్చినోళ్లను గూడేలకు పంపి, సంతకు పోయి తిరిగి రానోళ్ల పేర్లు ఇంటింటికీ పోయి రాయించుండ్రి, ఆ లిస్టు వచ్చినంకనే స్మృతివనంల రాయి చెక్కుండ్రి.

– ఒక రిటైర్డ్ టీచర్, హన్మకొండ