మీ టీవీలో బొమ్మ కుక్కల నడక మారిపోతోంది

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: కదలికను నునుపు చేసే సదుపాయాన్ని ఆపుకొనే వీలు తీసేయడం గురించి.

అయ్యా,

నేను ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచరును. పిల్లల తల్లిదండ్రులు తలా కొంత వేసుకుని మీ కంపెనీ 55 అంగుళాల టీవీ కొని మా బడికి ఇచ్చారు. పోయిన శనివారం ఎనిమిదో తరగతికి అందులో వెస్ ఆండర్సన్ 2018లో తీసిన ‘ఐల్ ఆఫ్ డాగ్స్’ వేశాను. చెత్త దీవిలో వదిలేసిన కుక్కల కథ అది.

ఆ సినిమాయే వేయడానికి కారణం ఉంది. అంతకు ముందే మా పిల్లలు మట్టితో కుక్కను చేసి నడిపించారు. బొమ్మను రవ్వంత జరపడం, ఫొటో తీయడం, మళ్లీ జరపడం. సెకనుకు పన్నెండు చొప్పున అయిదు సెకన్ల నడకకు అరవై ఫొటోలు, రెండు మధ్యాహ్నాల పని. ఈ సినిమానూ అలాగే బొమ్మలను జరుపుతూ ఫొటోలు తీసి చేశారు. ఇందులోనూ చాలా చోట్ల సెకనుకు పన్నెండు భంగిమలే. ఆ చిన్న కుదుపులోనే మనిషి చెయ్యి తెలుస్తుంది.

మీ టీవీ ఆ చెయ్యిని చెరిపేసింది. కదలిక నునుపుగా కనిపించాలని, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య తానే కొత్త చిత్రాలు పుట్టించి ఇరికించింది. కుక్కలు కొట్లాడుకునేటప్పుడు లేచే దుమ్ము నిజానికి దూది. అది అంచులు కరిగి మసకబారిపోయింది. అటారీ అనే అబ్బాయి చీఫ్ అనే కుక్కకు స్నానం చేయిస్తాడు, నల్లగా ఉన్న కుక్క ఒంటి మీద తెల్లటి బొచ్చు బయటపడుతుంది. ఆ బొచ్చు ఊరికే అదురుతూ ఉంటుంది. గాలికి కాదు, ఫొటో ఫొటోకూ కళాకారుల వేళ్లు తగిలి. మీ తెర మీద అది నూనె రాసినట్టు జారిపోయింది. మట్టి కుక్కను చేసిన పిల్లవాడే లేచి, “టీచర్, ఇది కంప్యూటర్‌లో చేసిందే కదా?” అని అడిగాడు. నాకు చాలా బాధ కలిగింది.

మొదట్లో ఈ సదుపాయాన్ని సెట్టింగులలో ఆపేవాళ్లం. గత నెల మీరు పంపిన సాఫ్ట్‌వేర్ మార్పు తర్వాత ఆ మీట కనిపించడం లేదు. మీ మెకానిక్ వచ్చి చూసి, టీవీ బాగానే ఉంది, సినిమాలోనే లోపం ఉంటుందని చెప్పి వెళ్లారు. బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకత్వానికి వెండి ఎలుగుబంటి బహుమతి అందుకున్న సినిమా అది. దర్శకుడు తీసింది తీసినట్టు చూపడానికి ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అనే ఏర్పాటు 2019లోనే వచ్చింది. అది మీకు తెలియనిది కాదు.

పదిహేను రోజుల్లో ఆ మీటను తిరిగి ఇవ్వండి. కుదరకపోతే టీవీని వెనక్కి తీసుకుని డబ్బు వాపసు చేయండి. బిల్లు నకలు, అదే దృశ్యానికి ల్యాప్‌టాప్‌లోనూ టీవీలోనూ తీసిన వీడియోలు జత చేస్తున్నాను. సినిమాను సరిగ్గా మళ్లీ చూపిస్తానని పిల్లలకు మాట ఇచ్చాను.

ఇట్లు,
డ్రాయింగ్ టీచర్