కటకానా గడి నుంచి పోస్టర్ గొట్టం దాకా: మా టోక్యో ప్రయాణానికి సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

శనివారం టోక్యో బిగ్ సైట్ ప్రదర్శనశాలలో అనిమేజపాన్ అనే అనిమే (జపాన్ యానిమేషన్) ప్రదర్శన, ఆదివారం సాయంత్రం ఒడైబాలోని జెప్ డైవర్‌సిటీలో అనిమే పాటల కచేరీ. మొదటిసారి దేశం దాటిన మా నలుగురికీ ఈ రెండూ సజావుగా జరిగాయంటే, పొరపాటు జరగకముందే మీరు ఆపబట్టే. పేర్లు పెట్టొద్దని మీలో కొందరు కోరారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి మాట ఎక్కడ అక్కరకొచ్చిందో మాత్రం వివరంగా రాస్తున్నాం. వచ్చే మార్చికి సిద్ధమయ్యేవాళ్లకు ఇవన్నీ కావాలి.

ముందుగా టికెట్ల సంగతి చెప్పిన అక్కకు దండాలు. అక్కా, మీరు లేకపోతే ఫారం దగ్గరే ఆగిపోయేవాళ్లం. జపాన్‌లో గిరాకీ ఉన్న కచేరీల టికెట్లు ముందొచ్చినవాళ్లకు ముందు అన్న పద్ధతిలో దొరకవు. చూసెన్ అనే లాటరీ వేస్తారు. ఫ్యాన్ క్లబ్ సభ్యులకు ఒక విడత, సీడీ లేదా బ్లూరే పెట్టెలో వచ్చే సీరియల్ నంబరుతో ఒక విడత, తర్వాత టికెట్ కంపెనీల విడతలు. ఇన్ని అయ్యాక ఏమైనా మిగిలితేనే మామూలు అమ్మకం. దరఖాస్తులో ఫురిగానా అనే గడి ఉంటుంది. అందులో పేరు కటకానా అనే జపనీస్ లిపిలో రాయాలి, అదీ జెన్‌కాకు అనే పూర్తి వెడల్పు అక్షరాల్లో. సగం వెడల్పు హాన్‌కాకు అక్షరాలు పడితే కంటికి పెద్ద తేడా తెలియదు గానీ ఫారం ముందుకు కదలదు. తప్పెక్కడుందో తెలియక కార్డు మీద, ఇంటర్నెట్ మీద అనుమానపడుతూ గడువు పోగొట్టుకునేది ఇక్కడే.

మన పేర్లతో ఇంకో చిక్కుంది. కటకానాలో ల, ర రెండింటికీ ఒకటే అక్షరం. ట, త కూడా అంతే. కాబట్టి ఒకే పేరును రెండు మూడు రకాలుగా రాసే వీలుంది. మొదట రాసిన తీరును కాగితం మీద రాసిపెట్టుకుని చివరిదాకా అదే వాడమన్నారు. ఇంగ్లిషు అక్షరాల్లో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు అక్కడ పూర్తిగా ఉంటే టికెట్ మీదా పూర్తిగా ఉండాలి, పొడి అక్షరం పెడితే గేటు దగ్గర గుర్తింపు చూసేటప్పుడు పేచీ వస్తుంది. గడువు 23:59 అని ఉంటే అది జపాన్ సమయం. మనకంటే 3 గంటల 30 నిమిషాలు ముందు కాబట్టి ఇక్కడ రాత్రి 8:29కే అయిపోతుంది.

ఫోన్ నంబరు గురించి హెచ్చరించిన తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్. డేటా ఒక్కటే ఇచ్చే ఈసిమ్‌కు ఫోన్ నంబరు ఉండదు. అక్కడి టికెట్ యాప్‌లు చాలావరకు జపాన్ నంబరుకు ఎస్ఎంఎస్ పంపి, ఆ కోడ్ కొడితేనే టికెట్ తెరుస్తాయి. అందుకే విదేశాలవాళ్ల కోసం విడిగా అమ్మకపు పేజీ ఉందా అని ముందు చూడాలి. అలాంటి చోట సాధారణంగా జపాన్ నంబరు, ఏడంకెల పోస్టల్ కోడ్ అడగరు. అది లేకపోతే ఆ కచేరీని వదులుకోవడమే మేలని ఆయన గట్టిగా చెప్పారు, నిజం. ఎవరి దగ్గరో ఎక్కువ డబ్బు పెట్టి కొనొద్దు. టికెట్ల అక్రమ మారుఅమ్మకాన్ని నిషేధించే చట్టం 2019 జూన్ 14 నుంచి అమల్లో ఉంది. అమ్మినవాళ్లకు ఏడాది వరకు జైలు, 10 లక్షల యెన్ల వరకు జరిమానా. కొన్నవాళ్లకు జైలు లేకపోయినా, పేరు కలవకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. విమానం ఖర్చు పెట్టుకుని వెళ్లాక ఆ బాధ ఎవరికీ వద్దు.

అనిమేజపాన్‌లో ప్రవేశ టికెట్ ఉన్నంత మాత్రాన స్టేజ్ కార్యక్రమాలు చూడలేమని చెప్పిన చెల్లెమ్మకూ రుణపడ్డాం. స్టేజ్ చూడటానికి దరఖాస్తు పెట్టుకునే హక్కుతో వచ్చే టికెట్ వేరే ఉంటుంది, దాని లాటరీ చాలా వారాల ముందే ముగిసిపోతుంది. మార్చిలో మేలుకుంటే కంపెనీల స్టాళ్లు, ప్రదర్శనలు మాత్రమే మిగులుతాయి.

వీసా, మందుల విషయంలో రెండే మాటలు, కానీ రెండూ ప్రయాణాన్ని ఆపగలిగేవే. ఇ-వీసా నోటీసును విమానాశ్రయంలో ఇంటర్నెట్ ఆన్‌లో పెట్టి ఫోన్ తెర మీద అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. ప్రింటు, పీడీఎఫ్, స్క్రీన్‌షాట్ చెల్లవు. ఇక సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన జలుబు మాత్రలు జపాన్‌లోకి తీసుకెళ్లడం నిషేధం. డాక్టరు రాసిన మామూలు మందులైనా ఒక నెలకు సరిపడా దాటితే ముందుగా యున్యు కకునిన్‌షో అనే అనుమతి పత్రం తెచ్చుకోవాలి. మాత్రల పట్టీ వెనక చిన్న అక్షరాలు ఒక్కొక్కటీ చదివి చెప్పిన ఫార్మసిస్టు అక్కా, మీ ఓపికకు నమస్కారం.

రైళ్ల అన్న చేసిన మేలు ఇంతా అంతా కాదు. జపాన్ రైల్వేస్ (జేఆర్) రైళ్లలో తిరగడానికి ఇచ్చే ఏడు రోజుల జేఆర్ పాస్ ధర 2023 అక్టోబరులో 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో దాటనివాళ్లకు అది దండగ, పైగా బిగ్ సైట్‌కు వెళ్లే రెండు లైన్లూ జేఆర్‌వి కావు. రింకై లైన్‌లో కొకుసాయ్ తెంజిజో స్టేషన్ నుంచి ఏడు నిమిషాల నడక, యురికమోమె లైన్‌లో టోక్యో బిగ్ సైట్ స్టేషన్ నుంచి మూడు నిమిషాలు. దగ్గర కదా అని అందరూ యురికమోమెకే పోతారు. దానికి ఆరు పెట్టెలే, రింకై రైలుకు పది. సాయంత్రం ప్రదర్శన ముగిసే వేళ నాలుగు నిమిషాలు ఎక్కువ నడిచి రింకై ఎక్కమన్నారు, అది బంగారం లాంటి మాట. రైలు ఛార్జీ కట్టే సుయికా కార్డులో తిరుగు ప్రయాణానికీ సరిపడా డబ్బు పొద్దున్నే వేసుకోవాలి. కచేరీ హాలుకు దగ్గరి స్టేషన్లలో ఒకటైన టోక్యో టెలిపోర్ట్ అదే రింకై లైన్‌లో తర్వాతి స్టేషనే. అందుకే బస, బిగ్ సైట్, హాలు మూడూ ఒకే లైన్ మీద కుదిరేలా చూసిపెట్టారు.

చిల్లర గురించి చెప్పినవాళ్లు ముగ్గురున్నారు, ముగ్గురికీ కలిపి థాంక్స్. లాకర్లకు 100 యెన్ల నాణేలు కావాలి. 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చాయి, కొన్ని పాత మిషన్లు వాటిని మింగవు. కాబట్టి దుకాణంలో చిన్న వస్తువేదో కొని ముందే మార్చుకోవాలి. లైవ్ హౌస్‌లో, అంటే ఇలాంటి కచేరీ హాల్లో, టికెట్ కాక డ్రింక్ ఛార్జి విడిగా కట్టాలి, సాధారణంగా 500, 600 యెన్లు. సరిపడా నాణేలు గుప్పిట్లో పెట్టుకుంటే వరుస ఆగదు.

నిలబడి చూసే హాల్లో సీటు నంబరు ఉండదు, సెయిరి బాంగో ఉంటుంది. అంటే లోపలికి వెళ్లే వరుస సంఖ్య. హాలు బయట సిబ్బంది ఆ సంఖ్యలను జపనీస్‌లో పిలుస్తారు. పిలిచినప్పుడు అక్కడ లేకపోతే ఆ తర్వాతి వాళ్లతో కలిసి వెళ్లాల్సిందే, ముందు వరుస చేజారుతుంది. వంద అంటే హ్యాకు. కానీ 300 సాంబ్యాకు, 600 రొప్ప్యాకు, 800 హప్ప్యాకు. ఈ మూడు చోట్లా శబ్దం మారిపోతుంది కాబట్టి హ్యాకు కోసం చెవి పెట్టుకున్నవాళ్లకు తమ నంబరు వినపడదు. 340 అయితే సాంబ్యాకు యోంజూ. ఆడియో రికార్డు చేసి పంపిన గురువుగారూ, మీరు ఆ సంఖ్యలను నెమ్మదిగా ఒకసారి, మైకులో పిలిచే వేగంతో ఒకసారి చదివారు. ఆ రెండోదే అసలైన సాయం.

కచేరీలో చేత్తో పట్టుకుని ఊపే పెన్‌లైట్ల సంగతి: బ్యాటరీలు తీసి విడిగా పెట్టుకోవాలి, లేకపోతే సంచిలో నొక్కుకుని వెలిగి కచేరీ వేళకు అయిపోతాయి. చేతికి తాడు తప్పనిసరిగా తగిలించుకోవాలి. వెనకవాళ్లకు అడ్డు రాకుండా మరీ పైకెత్తకూడదు. పాడేవాళ్లు ఫలానా చోట తీయమని అనుమతిస్తే తప్ప ఫొటో, వీడియో వద్దు.

అనిమే పాత్రల వేషధారణ చేసేవాళ్లకు ఒక్క మాట. బట్టలు బిగ్ సైట్‌కు వచ్చాకే మార్చుకోవాలి. వేషంలో రైలెక్కి రావడం, అలాగే తిరిగి వెళ్లడం కుదరదు. విగ్గును నెట్‌లో చుట్టి, లోపల గుండ్రంగా కాగితం కుక్కి పెట్టమన్న చెల్లెమ్మా, ముందు జుత్తు ఒక్క మడత కూడా పడలేదు.

చివరగా పోస్టర్లు. బి2 సైజు అంటే 515 × 728 మిల్లీమీటర్లు. చుట్టినా పొడవు 515 మిల్లీమీటర్లు ఉంటుంది. 55 సెంటీమీటర్ల క్యాబిన్ పెట్టెలో చక్రాలు, పిడి పోగా లోపల నిలువు ఎత్తు అంత మిగలదు. గొట్టాన్ని మూల నుంచి మూలకు ఏటవాలుగా పెడితే పడుతుంది. ముందు అది పెట్టి, చుట్టూ బట్టలు సర్దాలి. బట్టలు సర్దాక దూర్చబోతే మూత దగ్గర పోస్టర్ అంచు నలుగుతుంది. గొట్టం లోపలి గోడకు ఆనుకునేంత వదులుగా చుట్టాలి, బిగించి చుడితే తర్వాత ఎన్నాళ్లు పరిచినా ముడుచుకునే ఉంటుంది. ఇది కొలతలతో సహా బొమ్మ గీసి పంపిన అన్నయ్యా, ఆ కాగితం పెట్టె మూతకే అతికించి ఉంది. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలన్నదీ మీరే. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లు, 100 లోపు కనుక విడిగా అనుమతి అక్కర్లేదు. 2025 జూలై నుంచి జపాన్ విమానాల్లో దాన్ని తలపై అరలో పెట్టనివ్వడం లేదు, కళ్లెదుట ఉంచుకోవాలి.

ఇంకొకరున్నారు, ఈ పోస్టు చదవలేరు. అక్కడ పొడవైన వరుసల్లో ఆఖరి మనిషి సాయికోబి, అంటే వరుస చివర అని రాసిన బోర్డు పట్టుకుంటారు. వెనక కొత్త మనిషి రాగానే అందిస్తారు. కొత్తవాళ్లకు తెలియక బోర్డు దాటుకుని మధ్యలో నిలబడతారు. మా నలుగురినీ చూసి, ఏమీ అనకుండా, రెండు చేతులతో ఆ బోర్డు అందించి తల వంచిన పెద్దాయనకు, అరిగాతో గొజాయిమాషిత.