ఆ గోరింక కన్ను చూశారా?

సంపాదకునికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ‘టెక్కలి పొలాల్లో సైబీరియా అతిథి: అరుదైన అల్బినో పక్షి’ అని నాలుగు కాలాల వార్త వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను, ఊడ్పుల పనిలో తీరిక దొరకలేదు. ఈలోగా మీరే సవరణ వేస్తారని ఎదురుచూశాను. వేయలేదు.

అది గోరింక. రెండు నెలలుగా మా పశువుల పాక చుట్టూ తిరుగుతున్న గోరింక. ఒళ్ళంతా వెలిసిన సున్నం రంగు. ముక్కు, కాళ్ళు, కంటి చుట్టూ ఉండే చర్మం మాత్రం మిగతా గోరింకలకు ఉన్నట్టే పసుపు. పసుపు ఉంది కాబట్టి అల్బినో కాదని నేననడం లేదు. ఆ రంగుకు మెలనిన్‌తో, అంటే ఒంటికి నలుపు, గోధుమ రంగులిచ్చే పదార్థంతో, పనిలేదు, అల్బినోకైనా ఉంటుంది. చూడవలసింది కన్ను. అల్బినో ఒంట్లో మెలనిన్ ఎక్కడా తయారు కాదు, కంట్లో కూడా. అందుకే లోపలి నెత్తురు కనబడి కన్ను ఎర్రగా ఉంటుంది. చూపు మందం కాబట్టి అలాంటివి ఆరుబయట పెరిగి పెద్దవి కావడం చాలా అరుదు. మా గోరింక సంగతి వేరు. నేను కుడితి కలుపుతుంటే ఐదడుగుల దూరంలో గేదె వీపు మీద నిలబడి, గోధుమరంగు కన్నుతో నన్ను ఎగాదిగా చూసింది. తెల్ల ఈకలకు గట్టిదనం తక్కువ కదా, తోక చివర అరిగిపోయిన చీపురులా ఉంది. మీరు వేసిన ఫొటోలోనూ కన్ను ముదురుగానే ఉంది. మీరు అచ్చువేసిన బొమ్మను మీరు చూడరా?

ఈకల్లోకి రంగు చేరని ఈ లోపాన్ని ల్యూసిజం అంటారు. ఆ మాట తెలియకపోతే తప్పులేదు. మా పశువుల కాపరి కుర్రాడు మొదటి రోజే ‘బొల్లి గోరింక’ అన్నాడు. అదే రాసి ఉంటే సరిపోయేది.

మర్నాడు మరో వింత. రెక్కలో నాలుగు తెల్ల ఈకలున్న కాకిని ‘పాక్షిక అల్బినో’ చేశారు. మెలనిన్ తయారే కాకపోతే మిగతా కాకి నల్లగా ఎలా ఉందండీ? సరైన తిండి లేకపోయినా, జబ్బు చేసినా, వయసు మీరినా కాకులకు తెల్ల ఈకలు వస్తాయి. మేత బాగుంటే మళ్ళీ ఈకలు మార్చినప్పుడు నల్లవి రావచ్చు కూడా.

ఇక సైబీరియా. ఆషాఢంలో అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే పక్షి ఏదో సెలవివ్వండి. మన జిల్లా తేలుకుంచికి తొలకరిలో వచ్చే నత్తగుల్ల కొంగలను ఏటా సైబీరియా నుంచే దించుతారు. తేలినీలాపురం గూడబాతులకూ అదే చిరునామా. రెండూ మన దేశపు పక్షులే. గూళ్ళు కట్టుకోవడానికి చెరువులు, చెట్లు వెతుక్కుంటూ వస్తాయి. పోయినేటి వార్తకు తేదీ మార్చి వేస్తున్నారేమోనని నా అనుమానం. ఒకప్పుడు ఇలాంటిది వేసే ముందు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారిని అడిగేవారు. ఇప్పుడు వాట్సాప్‌ను అడుగుతున్నారు.

మీ వార్త పుణ్యాన ఆదివారం పొద్దుటే పాతిక మోటారు సైకిళ్ళు మా గట్టు మీదికి వచ్చాయి. ఊడ్చిన మడిలోంచి నడిచారు. ఒకావిడ పాక గుంజ దగ్గర కొబ్బరికాయ కొట్టింది. ఇంకొకాయన, ఆ పక్షి ఇంట్లో ఉంటే కలిసివస్తుందట, పట్టిస్తే ఎంత తీసుకుంటావని నన్నే అడిగాడు. సాయంత్రానికి ఇద్దరు వల పట్టుకుని వచ్చారు. అడవి పక్షిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చెబితే నవ్వారు. సంబంధిత కార్యాలయానికి ఫోను చేశాను. ‘గోరింకే కదండీ’ అన్నారు. పక్షి పేరు సరిగ్గా చెప్పారు, ఆ మేరకు మీకంటే వారే నయం. వస్తామన్నారు, ఇంకా వస్తూనే ఉన్నారు.

గోరింక ఇప్పుడు పాక వైపు రావడం లేదు. అవతలి తాటితోపులో అరుపు వినబడుతోంది, అదో కాదో చెప్పలేను.

సవరణ వేయండి. నాలుగు కాలాలు అక్కరలేదు, టెండరు ప్రకటనల పక్కన నాలుగు వాక్యాలైనా చాలు. మా ఊరి పేరు మాత్రం వేయకండి. నారు ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది, ఇంకో ఆదివారాన్ని తట్టుకోలేదు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
టెక్కలి మండలం, శ్రీకాకుళం జిల్లా