చలానా మీద ముద్ర ఏది?

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం ఆటోనగర్‌లో యంత్రాల విడిభాగాల వ్యాపారం నాది. సరుకు విదేశాల నుంచి తెప్పిస్తాను. మొన్న ఒక శుక్రవారం సాయంత్రం 3 లక్షల రూపాయల దిగుమతి సుంకం ఆన్‌లైన్‌లో కట్టాను. ఖాతా నుంచి సొమ్ము వెళ్లినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. చలానా మాత్రం పెండింగ్‌లోనే ఉండిపోయింది. శని, ఆదివారాలు ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. లోపం బ్యాంకు సర్వర్‌లో ఉందని సోమవారం మధ్యాహ్నానికి గానీ తేలలేదు. మంగళవారం సరుకు విడుదలైంది. ఈలోగా కంటెయినర్‌ను అద్దె లేకుండా ఉంచుకునే ఉచిత గడువు దాటిపోయింది.

ఎలక్ట్రానిక్ చెల్లింపు వద్దని నేను అనడం లేదు. పాత పద్ధతి నాకు బాగా గుర్తుంది. టీఆర్-6 చలానా ప్రతులు నింపి, డిమాండ్ డ్రాఫ్ట్ తీయించి, పోర్టు దగ్గర బ్యాంకు కౌంటర్ మూసేలోపు చేరుకోవాలి. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల వరుసలో ఇరుక్కుంటే ఆ రోజు పని అంతటితో సరి. 2012 సెప్టెంబరులో లక్ష రూపాయలు, ఆపైన సుంకం కట్టేవారికి ఆన్‌లైన్ చెల్లింపు తప్పనిసరి చేశారు. తరువాత ఆ పరిమితిని 10 వేలకు దించారు. రాత్రి పదకొండింటికి కూడా ఇంట్లో కూర్చుని సుంకం కట్టగలగడం మాకు ఎంతో మేలు చేసింది.

అయితే ఆ పాత కౌంటర్‌లో ఒక విలువైన వస్తువు ఉండేది. చలానా మీద పడే ముద్ర. గుమాస్తా ముద్ర వేశాడంటే ఆ తేదీ మాది. ఆ తరువాత కాగితం ఎక్కడ ఆగినా మేము కట్టలేదని ఎవరూ అనలేరు. ఇప్పుడు సొమ్ము నా చేతి నుంచి వెళ్లిపోతుంది, ముద్ర మాత్రం రాదు. మధ్యలో గడిచిన రోజుల భారమంతా నా మీదే పడుతుంది.

కస్టమ్స్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం, దిగుమతిదారు స్వయంగా మదింపు చేసుకున్న బిల్ ఆఫ్ ఎంట్రీకి (దిగుమతి సరుకు వివరాల పత్రం) సుంకం దాన్ని దాఖలు చేసిన రోజే కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. 3 లక్షలకు లెక్క వేస్తే రోజుకు సుమారు 123 రూపాయలు. అది భరించవచ్చు. నడ్డి విరిచేవి యార్డులో కంటెయినర్ ఉన్నందుకు కట్టే అద్దె, కంటెయినర్ తిరిగి ఇవ్వడం ఆలస్యమైతే షిప్పింగ్ కంపెనీ డాలర్లలో లెక్కగట్టే డిటెన్షన్ రుసుము. 2023 ఏప్రిల్‌లో ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్ (సుంకం కోసం ముందుగా సొమ్ము జమ చేసుకునే ఆన్‌లైన్ ఖాతా) ప్రవేశపెట్టినప్పుడు దేశమంతటా చెల్లింపులు మొరాయించాయి. అప్పుడు కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు వడ్డీ మాఫీ చేసింది. మంచి పని. కానీ అద్దె, డిటెన్షన్ ఆ మాఫీలోకి రావు.

లెడ్జర్‌లో ముందే సొమ్ము వేసి ఉంచుకోవచ్చు కదా అని సలహా ఇస్తారు. ఓడ రాకముందే లక్షలు పక్కన పెట్టగల స్తోమత ఉన్నవాడికి అది సలహా. నమ్మకమైన వ్యాపారిగా కస్టమ్స్ ఇచ్చే ఏఈఓ గుర్తింపు ఉన్న పెద్ద సంస్థలకు సుంకం వాయిదా వేసి కట్టే వెసులుబాటు 2016 నుంచీ ఉంది. ఒక్క చలానా ఆగితే అవి ఆగిపోవు. ఆఫ్రికా దేశాల నుంచి ముడి జీడిపిక్కలు తెప్పించుకునే పలాస వ్యాపారుల సంగతి ఆలోచించండి. నా ఇనుప సామాను నాలుగు రోజులు ఎండలో ఉన్నా పాడవదు. మూసిన కంటెయినర్‌లో ఉక్కకు చెమ్మ పట్టిన పిక్క ధర తరుగుతుంది. ఆ తరుగు ఏ రసీదులోనూ కనిపించదు.

నేను అడిగేది కొత్త సూత్రమేమీ కాదు. కస్టమ్స్ అధికారులే నిలిపి ఉంచిన సరుకుకు అద్దె, డెమరేజ్ (ఆలస్య రుసుము) వసూలు చేయరాదని 2009 నాటి కార్గో నిర్వహణ నిబంధనలు చెబుతున్నాయి. సరుకు ఆగడానికి కారణం దిగుమతిదారు కానప్పుడు అతని మీద భారం వేయకూడదనే కదా దాని అర్థం? ఖాతా నుంచి సొమ్ము వెళ్లాక చలానా ఆగిన రోజులకూ అదే వర్తింపజేయాలి. ఖాతాలో సొమ్ము తగ్గిన తేదీనే చెల్లింపు తేదీగా గుర్తించాలి. బ్యాంకు వివరాలు చూసి, ఫలానా రోజు సొమ్ము వెళ్లిందని ధ్రువపత్రం ఇచ్చే అధికారం కస్టమ్స్ కార్యాలయాల్లో వ్యాపారులకు సాయం చేసే తురంత్ సువిధా కేంద్రాలకు ఇవ్వాలి. సెలవు రోజుల్లోనూ అక్కడ ఒక మనిషి ఉండాలి. ఆ పత్రం చూపితే అద్దె మినహాయిస్తామని విశాఖపట్నం పోర్ట్ అథారిటీ, కంటెయినర్ టెర్మినల్, షిప్పింగ్ కంపెనీలు ఒక మాటకు రావాలి. నిబంధనలు మార్చే పని బోర్డుది, దానికి సమయం పడుతుంది. ఈ చివరి పని మాత్రం విశాఖలోనే, ఒక బల్ల చుట్టూ కూర్చుంటే మొదలవుతుంది.

బ్యాంకు స్టేట్‌మెంట్‌ను, పెండింగ్ అని చూపిన చలానా నకలును ఈ లేఖకు జతచేసి కస్టమ్స్ కమిషనర్‌కూ, పోర్ట్ అథారిటీ ఛైర్మన్‌కూ పంపుతున్నాను. ఇలా నష్టపోయిన మిగతావారూ తమ కాగితాలు పంపాలని కోరుతున్నాను.

– ఒక చిన్న దిగుమతిదారు,
ఆటోనగర్, విశాఖపట్నం