ఆ గదిలో ఉన్నవారందరి పేర్లూ చెప్పమ్మా

చిరంజీవి సింధుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో నీతోపాటు ఉంటున్న అమ్మాయికి ఊపిరితిత్తుల క్షయ అని తేలిందని, టీబీ నర్సు ఆ ఇంట్లో ఉండేవారి పేర్లు అడుగుతున్నదని, అద్దె కాగితాల్లో పేరు లేని నీ ఈడు పిల్లలిద్దరి సంగతి చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోతున్నారని నువ్వు ఫోనులో చెప్పావు. ఉద్యోగమంతా తెమడ పరీక్షలు చేస్తూ గడిపినవాణ్ణి కనుక నా మాట విను తల్లీ, అందరి పేర్లూ చెప్పండి. ఈ మధ్య ఇల్లు మారిన అమ్మాయి పేరు కూడా చెప్పండి.

క్షయ గాలి ద్వారా సోకుతుంది. రోగి దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు వెలువడే అతి సూక్ష్మమైన తుంపరలు మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. కంచాలు, దుప్పట్ల వల్ల అది రాదు కాబట్టి ఆ అమ్మాయికి గిన్నెలు వేరు చేస్తే ఆమె మనసు నొచ్చుకోవడమే తప్ప మీకు ఒరిగేదేమీ ఉండదు. చలికి కిటికీ తెరవకుండా ఒకే గదిలో ముగ్గురు నలుగురు పడుకోవడంలోనే అసలు ప్రమాదం ఉంది. మైక్రోస్కోపు కింద నీలి రంగు మధ్య సన్నని ఎర్రని పుల్లల్లా కనిపించే ఆ క్రిములు తెమడలో ఎంత ఎక్కువగా ఉంటే అంత తేలికగా ఇతరులకు అంటుతుంది.

ఇంగ్లండులో క్షయ బారిన పడేవారిలో అత్యధికులు ఇతర దేశాల్లో పుట్టినవారే. అయితే వారిలో చాలామందికి ఆ క్రిమి సొంత దేశంలో ఎప్పుడో సోకి, ఒంట్లో నిద్రాణంగా ఉండి, వలస వెళ్ళిన తరువాత జబ్బుగా బయటపడుతుంది. అలా సోకినవారిలో జీవితకాలంలో జబ్బుపడేది 5 నుంచి 10 శాతం మందే కనుక ఆ అమ్మాయిని దోషిలా చూడటం అన్యాయం. వీసా కోసం తీసిన ఎక్స్‌రే బాగుందని మీరు ధీమాగా ఉండకండి, ఎందుకంటే నిద్రాణంగా ఉన్న క్రిమి ఎక్స్‌రేలో కనిపించదు. దానికి రక్తపరీక్ష గానీ చర్మపరీక్ష గానీ చేయాలి. కొత్తగా సోకినది పరీక్షలో తేలడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, మొదటిసారి ఏమీ లేదన్నా మళ్ళీ రమ్మంటే తప్పక వెళ్ళండి.

ఇంగ్లండులో క్షయ పరీక్షలు, చికిత్స అందరికీ ఉచితం, వీసా గడువు తీరినవారికి కూడా. పేర్లు దాచితే ఆ ఇద్దరికీ ఈ అవకాశం దక్కదు, వారిలో ఒకరు రేపు దగ్గడం మొదలుపెడితే వాళ్ళు పనిచేసే హోటల్ వంటగదిలో పక్కన నిలబడేవారికీ ముప్పే. క్రిమి నిద్రాణంగా ఉందని తేలితే సాధారణంగా మూడు నెలలు రెండు మందులు వాడమంటారు. జబ్బుపడిన ఆ అమ్మాయి మాత్రం కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. మందులకు లొంగే రకమైతే రెండు వారాల చికిత్సతోనే ఇతరులకు అంటించే గుణం చాలావరకు తగ్గిపోతుంది కాబట్టి, డాక్టరు సరేనన్నాక ఆమెను దూరం పెట్టవద్దు. రిఫాంపిసిన్ అనే క్షయ మందు వాడేటప్పుడు మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారుపడి మాత్రలు మానకూడదని ఆమెకు ముందే చెప్పు.

ఆ ఇద్దరు పిల్లలు భయపడుతుంటే నా నంబరు ఇవ్వు. కావాలంటే వాళ్ళ అమ్మానాన్నలతో కూడా నేనే మాట్లాడతాను.

ఆశీస్సులతో,
నాన్న