ప్రభుత్వం మారితే బడిలో వంటామె ఎందుకు మారాలి? నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

నేను ఉదయగిరి వైపు ఒక పల్లెలో హెడ్మాస్టరుగా చేసి 2022లో రిటైరయ్యాను. ఈ ఉత్తరం మా బడి వంటగది గురించి. ఇంత చిన్న సంగతికి బహిరంగ లేఖ ఎందుకు, సోమవారం కలెక్టరేట్లో తిక్కన ప్రాంగణానికి వచ్చి అర్జీ ఇవ్వచ్చు కదా అంటారేమో. ఇవ్వచ్చు. కానీ ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని నలుగురిలో ఒప్పుకోవాలనిపించింది.

మా బళ్ళో మధ్యాహ్న భోజనం 2003లో మొదలైంది. పొదుపు సంఘం నుంచి ఒకామె వంటకు కుదిరింది. పేరెందుకు, పెద్దామె అందాం. పదహారేళ్ళు వండింది. ఏ పిల్లోడు గుడ్డు ముట్టడో, ఎవరు పొద్దున ఇంట్లో ఏమీ తినకుండా వస్తారో ఆమెకి తెలుసు. నా హాజరుపట్టీ కన్నా ఆమె లెక్కే కరెక్టుగా ఉండేది. బిల్లులు నెలల తరబడి రాకపోతే కిరాణా కొట్టులో అప్పు పెట్టి నడిపింది. ఒక ఏడు చెవికమ్మలు కుదవ పెట్టింది. పెద్ద గుండిగ ఒకటి సొంత డబ్బుతో కొని, దాని మీద చుక్కలతో తన పేరు కొట్టించుకుంది.

2019లో ప్రభుత్వం మారింది. బడి తెరిచిన వారానికి నాకు ఫోన్ వచ్చింది. చేసింది ఆఫీసరు కాదు, మా ఊళ్ళో గెలిచిన పక్షం పెద్దమనిషి. "సార్, వంటామెని మార్చాల. ఆమె వాళ్ళ మనిషి." మండలంలో అడిగితే, "మా చేతుల్లో ఏముంది మాస్టారూ, సర్దుకుపోండి" అన్నారు. సర్దుకుపోయాను. "ఆరోగ్యం బాగాలేక నా అంతట నేనే మానుకుంటున్నాను" అని తెల్లకాగితం మీద నా చేత్తోనే రాసి, ఆమె ముందు పెట్టాను.

ఆమె చదివింది. నిదానంగా, వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం చదివింది. "అయ్యోరా, నాకు ఆరోగ్యం బాగానే ఉండాది గదా" అంది. నేను తలెత్తలేదు. సంతకం పెట్టేసింది. గుండిగ మాత్రం తీసుకుపోలేదు. "రేపు పిల్లోళ్ళకి దేంట్లో వండతారు?" అని వదిలేసి పోయింది.

ఆ సంతకం ఆమె ఎక్కడ నేర్చుకుందో చెబితే మీకు నా సిగ్గు అర్థమవుతుంది. 1990ల మొదట్లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఆ రాత్రి బడిలో లాంతరు ముందు కూర్చుని నేర్చుకున్న సంతకం అది. ఆ వాచకంలో సారాకి ఎదురు తిరిగిన సీతమ్మ అనే పల్లెటూరామె కథ చదివే మన జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది కూడా ఆ రోజుల్లోనే. అప్పట్లో ఆ ఆడవాళ్ళకి ముందు ఏ పార్టీ నడవలేదు. ఆడవాళ్ళు సారా కొట్లు మూయించాక పార్టీలు వెనకాల వచ్చాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు, 1995లో మద్యనిషేధం పెట్టారు, 1997లో దాన్ని ఎత్తేశారు. అంత పని చేసిన జిల్లాలో, పార్టీ మాట విని, చదువు నేర్చిన ఆడమనిషి చేత అబద్ధం మీద సంతకం పెట్టించాను నేను.

పెద్దామె స్థానంలో వచ్చినామె కూడా అదే పొదుపు సంఘంలో మనిషే. చిన్నామె. వెయ్యి రూపాయలున్న గౌరవ వేతనం మూడు వేలు అయింది కూడా ఆ ఏడే, పెద్దామె మానాక. చిన్నామె కూడా బాగానే వండింది, అబద్ధం ఆడకూడదు. పెద్దామె గుండిగలోనే ఐదేళ్ళు వండింది. గోరుముద్ద అన్నారు, చిక్కీలు వచ్చాయి, రాగిజావ వచ్చింది. 2024లో ప్రభుత్వం మళ్ళీ మారింది. పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మంచి పేరే, అన్నం పెట్టిన తల్లి పేరు. నెల తిరక్కుండానే చిన్నామె నా దగ్గరికి వచ్చింది, చేతిలో కాగితం జిరాక్సు పట్టుకుని. "ఆరోగ్యం బాగాలేక నా అంతట నేనే..." చేతిరాత వేరు, మాటలు మాత్రం నావే. ఇప్పటి హెడ్మాస్టరు పాత ఫైల్లో నా కాగితం చూసి ఎక్కించుకున్నాడు. రెండు నెలల బిల్లు ఇంకా రాలేదు, కొట్టు బాకీ ఆమె నెత్తి మీదే ఉంది. ఇప్పుడు పెద్దామె తిరిగి వండుతోంది. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే సంఘం. వారం మీటింగులో మాత్రం ఒకరి పక్కన ఒకరు కూర్చోరు.

నేను పార్టీలు వద్దనే మనిషిని కాను. పుచ్చలపల్లి సుందరయ్య గారు పుట్టిన జిల్లా ఇది, పార్టీ అంటే ఏమిటో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. రెండు రూపాయల బియ్యం పార్టీ వల్లే వచ్చింది. అర్ధరాత్రి కాన్పు నొప్పులొస్తే కారు తీసుకొచ్చేది, పింఛను కాగితం ఏ బల్ల మీద ఆగిందో కనుక్కునేది ఊళ్ళో పార్టీ మనిషే. ఆఫీసు తలుపు మాకు మామూలుగా తెరుచుకుంటే అతని దగ్గరికి ఎందుకు పోతాం? అది అతని బలం కన్నా ఆఫీసు బలహీనత అంటాను నేను. మీకు కోపం రావచ్చు.

సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తుల్లేకుండా జరగాలని చట్టం. 2021లో ఉంగరానికీ కత్తెరకీ ఓట్లేశాం. తెల్లారేసరికి పేపర్లలో ఏ పార్టీ మద్దతుదారులు ఎన్ని గెలిచారో లెక్కలు. 2020లో పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు వేస్తే ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది, తీసేయమన్నారు. గోడ మీద రంగు ఫొటోకి దొరుకుతుంది, కోర్టుకి చూపించొచ్చు. "నా అంతట నేనే" అన్న కాగితానికి ఏ రంగుందని చూపిస్తాం? ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లని, పొదుపు సంఘాల లెక్కలు చూసే సంఘమిత్రలని అడగండి, ఇలాంటి కథలు వాళ్ళ దగ్గర కూడా ఉంటాయి.

ప్రభుత్వం మారితే కలెక్టర్లు కూడా మారతారు, మీకిది కొత్తేం కాదు. అయితే మీకు ఇంకో చోట కుర్చీ ఉంటుంది, జీతం ఆగదు. రెగ్యులర్ ఉద్యోగిని తీసేయాలంటే విచారణ జరపాలని రాజ్యాంగం 311వ అధికరణంలో రాసుంది. మూడు వేల మనిషికి మాత్రం ఒక ఫోన్ చాలు.

నేనడిగేది మీరు ఒక సర్క్యులర్‌తో చేయగలిగిన పని. మానుకుంటున్నామనే కాగితం బళ్ళో గానీ, నాయకుడి ఇంట్లో గానీ తీసుకుంటే చెల్లదనండి. ఆమె ఎంపీడీఓ ముందుకొచ్చి తన నోటితో చెప్పాలి. తీసేయాలంటే కారణం రాసిచ్చి, జవాబుకి పదిహేను రోజులు ఇవ్వాలి. పాత బిల్లు తీర్చనిదే కొత్త మనిషికి వంటగది తాళం ఇవ్వకూడదు. ఇంకొకటి, నవ్వకండి: ప్రతి మండలాఫీసులో ఒక ఫోన్ రిజిస్టర్ పెట్టించండి. ఫలానా తేదీన ఫలానా వారు ఫోన్ చేసి ఫలానా మనిషిని మార్చమన్నారు అని రాసుకోవాలి. ఫోన్ చేసినాయన మర్నాడొచ్చి కింద సంతకం పెట్టాలి. పార్టీకి అంత నమ్మకం ఉంటే పెట్టొచ్చుగా. నాకు 2019లో అలాంటి రిజిస్టరు ఉండుంటే, "సార్, ఇక్కడొక సంతకం" అనే ధైర్యం చేసేవాణ్ణేమో. చేసేవాణ్ణని గట్టిగా చెప్పలేను.

మీరు సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమం ఒకప్పుడు గ్రీవెన్సు, తర్వాత మీ కోసం, స్పందన, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పేర్లు మారాయి, సోమవారం మారలేదు. వచ్చే సోమవారం వస్తాను. చిన్నామె వస్తానంది. పెద్దామెని కూడా అడిగాను. "నా చేత సంతకం పెట్టించిన అయ్యోరే గదా రమ్మనేది" అని నవ్వింది. పిల్లలకి అన్నాలు పెట్టేసి, మధ్యాహ్నం బస్సుకి వస్తానంది. కాస్త ఆలస్యమైనా చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా