పిల్లల పేజీలో మన అడవి జంతువులకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారాలు.

పత్రికల పిల్లల పేజీల్లో క్రూరమృగాల గురించి వచ్చే వ్యాసాలను మా బడిలో పిల్లల చేత పైకి చదివించడం నాకు అలవాటు. ఆఫ్రికా సింహం, ధ్రువపు ఎలుగు, అమెజాన్ అనకొండల గురించి వాటిలో ఎంతో వివరంగా ఉంటుంది. నల్లమల అంచు ఊళ్లలో పిల్లలకు పొలం గట్టున నిజంగా ఎదురుపడే అడవి పంది, ఎలుగుబంటి, చిరుతల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘కనిపిస్తే చీల్చి చంపేస్తుంది’ అన్న ధోరణిలో రెండు వాక్యాలతో సరిపెడుతున్నారు. భయపెట్టడం తప్పని నేను అనను. ఆ భయం దేనికో, ఎంతవరకో కూడా పిల్లలకు తెలియాలన్నదే నా మనవి.

అడవి పందినే తీసుకోండి. దానికి చూపు మందం, వాసన పట్టడంలో మాత్రం దిట్ట. మట్టిలో ఉన్న వేరుశనగ కాయను కూడా పసిగట్టి, నాగలితో దున్నినట్టు ముట్టెతో చాలంతా పెళ్లగిస్తుంది. మగపంది కింది కోరలు పై కోరలకు రాసుకుంటూ ఎప్పటికప్పుడు పదునెక్కుతాయి కనుకనే, అది తల దించి దూసుకొచ్చి పైకి ఎగదోస్తే మనిషి తొడ చీరుకుపోతుంది. అయినా మనిషి అలికిడి తగిలితే తప్పుకుపోవడమే దాని స్వభావం. గాయపడినప్పుడో, కుక్కలు తరిమినప్పుడో, పారిపోయే దారి లేనప్పుడో, పిల్లలు వెంట ఉన్నప్పుడో తిరగబడుతుంది. ఒంటి పొడవునా లేత చారలతో ఉండే పంది పిల్లలను చూస్తే పట్టుకోవాలని ఏ పిల్లవాడికైనా చెయ్యి సాగుతుంది. తల్లి పక్క పొదలోనే ఉంటుందన్న ఒక్క మాట ఆ బొమ్మ కింద అచ్చువేస్తే ఎంతో మేలు. తిరుమలలో శ్రీవారికన్నా ముందు వరాహస్వామిని దర్శించుకునే మనకు ఈ జంతువంటే ఇంత చిన్నచూపు ఎందుకో నాకు బోధపడదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలకు వచ్చే ఎలుగుబంటి సంగతీ ఇంతే. పుట్ట తవ్వి చెదలు తినే ధ్యాసలో ఉన్న ఎలుగు మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా గమనించదు, గమనించాక బెదిరి మీదపడుతుంది. తోటలోకి మాట్లాడుకుంటూ వెళ్లమని పెద్దలు చెప్పేది అందుకే. చిరుత తీరు వేరు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను అది పొట్టన పెట్టుకున్నాక భక్తులను గుంపులుగా పంపడం మొదలుపెట్టారు. చీకటి పడే వేళ చిన్నపిల్లలు ముందు పరుగెత్తకుండా పెద్దల మధ్యన నడవాలని ఎన్నిసార్లు రాసినా ఎక్కువ కాదు.

అసలు జంతువుకన్నా ప్రమాదకరమైనవి దానికోసం మనం పెట్టేవి. పందుల కోసం చేను చుట్టూ దొంగచాటుగా లాగిన కరెంటు తీగ తగిలి పులులే కాదు, రైతులూ ప్రాణాలు కోల్పోయారు. ఎరలో చుట్టి పెట్టే నాటు బాంబు చూడటానికి మామూలు ఉండలా ఉంటుంది; పశువు కొరికితే దవడ పగులుతుంది, పిల్లవాడు ఆటబంతి అనుకుని తీస్తే చెయ్యి పోతుంది. అటువంటిది కనిపిస్తే ముట్టుకోకుండా, తన్నకుండా పెద్దలకు చెప్పాలన్న హెచ్చరికను ఏ పిల్లల పేజీలోనూ నేను చూడలేదు.

అటవీశాఖ క్షేత్ర సిబ్బందిని, నల్లమల చెంచు పెద్దలను అడిగి ఇటువంటి వివరాలతో ఒక శీర్షిక నడపవలసిందిగా కోరుతున్నాను. ఒత్తయిన ఉన్నిలాంటి బొచ్చున్న యూరప్ పంది ఫొటో కాకుండా, వీపు మీద జూలు నిక్కబొడిచిన మన పంది ఫొటోనే వేయించండి. మొక్కజొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో చేల చుట్టూ ఈ తీగలు ఎక్కువవుతాయి కనుక, శీర్షికను అంతకుముందే ప్రారంభించగలరు.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, నల్లమల ప్రాంతం